తుమ్మచెట్టు మీద ఎర్రకళ్ళ జంట

ఆషాఢం మొదలైన దగ్గర్నుంచి నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. పెళ్ళయి నెల తిరిగిందో లేదో మా అవ్వ, అంటే మా అమ్మ, వచ్చి, లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊరికి నన్ను తోలుకొచ్చింది. మా ఆయన ఐలేశ్ భూపాలపల్లిలో ఉన్నాడు, బొగ్గుగనిలో ఉద్యోగం. మా అత్తామామలు దంతాలపల్లిలో. కొత్త కోడలూ అత్తా ఈ నెలంతా ఒకే గడప దాటకూడదట. కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదట. ఎందుకని అడిగితే మా అవ్వ నర్సమ్మ రోట్లో పచ్చడి నూరుతూ, "కారణం అడిగితే గిదే కారం నోట్లె పెడ్త" అంది.

నేను జనగామలో బీఎస్సీ చదివాను. ఆ చదువు ఆ రోటి ముందు ఎందుకూ పనికిరాలేదు.

పనికొచ్చింది మాత్రం ఐలేశ్ ఇచ్చిన బైనాక్యులర్. ఆయనకు గద్దల పిచ్చి. మా పెళ్ళి ఆల్బంలో తలంబ్రాల ఫోటో ఒకటుంది. నేను దోసిలి నిండా బియ్యం పట్టుకుని ఆయన్ని చూస్తున్నాను, ఆయన పందిరి సందులోంచి ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు నవ్వాగదు. కాపురానికి వెళ్ళిన మొదటి ఆదివారం భూపాలపల్లి అడవి దారిలో బండి మీద పోతుంటే ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. "సుమా! అది మామూలు గద్ద కాదు!" అన్నాడు, నాకేదో నగ కొన్నంత సంబరంగా. నేను కూడా నగ వేసుకున్నంత సంబరంగానే తలెత్తాను. ఏం కనిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. వానకు తడిసిన టేకు ఆకుల వాసన మాత్రం గుర్తుంది.

ఆయన నేర్పిన సూత్రం ఒకటే. "రంగును నమ్మకు. ఎండల ఒక తీరు కనబడ్తది, మబ్బుల ఒక తీరు. ముందుగాల ఎట్ల ఎగుర్తున్నదో చూడు. తర్వాత తోక చూడు. ఆఖరుకు రంగు."

అందుకే ఈ ఆషాఢంలో నా పనంతా మా ఇంటి స్లాబు మీదే. చేపతోకలా చీలిన తోక ఉంటే అది మామూలు గద్ద. ఇంత తేలికా అనిపించింది. ఆ తర్వాత మా పత్తిచేను గట్టు మీది తుమ్మచెట్టులో ఒక జంట కనిపించింది. పావురం కంటే కాస్త పెద్దవి. తెల్లటి పొట్ట, బూడిదరంగు వీపు, భుజాల మీద మసి చేత్తో తట్టినట్టు నల్లటి మచ్చ, దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కళ్ళు. ఎగురుతూ ఎగురుతూ గాలిలో ఒకేచోట ఆగిపోతాయి. కాళ్ళు వేలాడేసుకుని, రెక్కలు ఆడిస్తూ, దారం చివర పతంగిలా నిలబడి, మెల్లగా పత్తి సాళ్ళలోకి దిగుతాయి. లేచేటప్పుడు కాళ్ళలో ఎలుక. వీడియో తీసి పంపితే ఐలేశ్ వెంటనే ఫోన్ చేశాడు.

"అడవి రామదాసు! పుస్తకంల గదే పేరుంది."

అడవి రామదాసు! ఆ పేరు రోజంతా నోట్లో బెల్లం ముక్కలా తిప్పుకున్నాను. చెట్టు కొమ్మల మధ్య పుల్లల గూడు, అందులో దూది ఉండల్లాంటి రెండు తలలు కూడా కనిపించాక ఇక నన్ను స్లాబు మీది నుంచి దింపడం ఎవరి వల్లా కాలేదు. సాయంత్రం ఫోనులో మా ముచ్చట్లన్నీ ఆ గూటి గురించే. ఇవాళ ఎన్ని ఎలుకలు వచ్చాయి, ఏ పిల్ల ముందు నోరు తెరిచింది, వానలో తల్లి రెక్కలు ఎలా కప్పింది. మా ఇద్దరికీ ఇంకా సొంతంగా చెప్పుకోడానికి పెద్ద సంసారమేమీ లేదు కదా, ఆ సంసారాన్నే చెప్పుకున్నాం.

ఇంతలో కోడిపిల్లలు పోవడం మొదలైంది.

శ్రావణంలో నేను భూపాలపల్లి వెళ్ళేటప్పుడు పంపాలని మా అవ్వ ఒక పిల్లలకోడిని సాకుతోంది. "కాపురం పెట్టిన ఇంట్ల కోడి కూత ఉండాలె" అని ఆమె పట్టుదల. రెండు గదుల అద్దె ఇంట్లో కోళ్ళను ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు గానీ, ఆ పసుపు ఉండలు పెరటి బురదలో తల్లి వెనుక ఉరుకుతుంటే నేనూ వెనకాలే ఉరికేదాన్ని. వారం తిరిగేసరికి సగమే మిగిలాయి.

మా ఊళ్ళో కోడి అరిచిందంటే అందరూ చేసే పని ఒకటే. తలెత్తి, ఆకాశం వైపు చూసి, "గద్ద! గద్ద!" అని కేకలు వేస్తూ చేతికందిన పళ్ళెం మోగిస్తారు. మా అవ్వా అదే చేసింది, మా బాపూ అదే చేశాడు, నేనూ అదే చేశాను. తలెత్తిన ప్రతిసారీ పైన కనిపించింది ఒకటే, గాలిలో రెక్కలాడిస్తూ నిలబడ్డ తుమ్మచెట్టు పిట్ట. ఇంకేం కావాలి? తీర్పు అయిపోయింది.

నిన్న పొద్దుగూకే వేళ ఇంకో పిల్ల పోయింది. ఈసారి అవ్వ దొంగ వీపు చూసింది. "బూడిద రంగు. గదే" అంది. బాపు అక్కడికక్కడే జానీమియాకు ఫోన్ చేశాడు. జానీమియా చుట్టుపక్కల ఊళ్ళలో తుమ్మ కర్ర కొని, కోత మిషనుతో కొట్టుకుపోతాడు. "రేపు పగటీలికి రా జానీభాయ్. గట్టు మీది తుమ్మ కొట్టుకపో. గూడు పోతే గద్దలు అవే పోతయి."

పొద్దున నేను బాపు వెంట పశువుల కొట్టంలోకి, అక్కడ్నుంచి బోరు దగ్గరికి, మళ్ళీ ఇంట్లోకి తిరిగాను.

"బాపూ, అది ఎలుకలు తింటది. కోడిపిల్లల జోలికి రాదు."

"నీకు చెప్పిందా?"

"ఐలేశ్ చెప్పిండు."

"అల్లుడు బొగ్గు సూసెటోడు. కోళ్ళను నేను సూస్తున్న, పుట్టినప్పటిసంది."

"గూట్లె పిల్లలున్నయి బాపూ. ఇంకా రెక్కలు రాలే. చెట్టు పడితే సస్తయి."

బాపు బోరు స్విచ్చు మీద చెయ్యి ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేను దున్నేటప్పుడు ఉల్లంకిపిట్ట గుడ్లు కనిపిస్తే నాగలి పక్కకు తిప్పే మనిషి. కానీ ఒకసారి మాటన్నాక వెనక్కి తీసుకోవడం ఆయనకు రాదు.

"సరే. నీ పిట్ట కాదు, ఇంకోటే దొంగ అని నా కండ్లకు సూపియ్యి. జానీమియా చెట్టుకు మిషన్ పెట్టే లోపట సూపియ్యాలె. సూపిస్తే చెట్టు ముట్ట."

స్లాబు మీదికి ఉరికి ఐలేశ్‌కు ఫోన్ చేశాను. ఆయనకు ఇవాళ సెలవు. అంతా విన్నాడు.

"వస్తున్న" అన్నాడు.

"ఎక్కడికి? ఆషాఢం! అవ్వ నన్ను సంపుతది."

"గడప తొక్కొద్దన్నరు గంతే గదా. రోడ్డు సర్కారుది."

ఫోన్ పెట్టేశాడు. నాకు ఒకేసారి భయం, నవ్వు, ఆకలి అన్నీ వేశాయి. కిందికి దిగి రెండు సర్వపిండి ముక్కలు తిని మళ్ళీ పైకెక్కాను. మళ్ళీ దిగాను. మెట్ల మీద ఎదురైన అవ్వ, "కాలు కాలిన పిల్లి లెక్క ఏందే ఆ తిరుగుడు?" అంది.

ఆయన బండి రఘునాథపల్లి వైపు నుంచి వచ్చింది. దూరంగా ఇంకా చుక్కలా ఉండగానే గుర్తుపట్టాను. రంగు చూడలేదు. ముందు ఎట్లా వస్తున్నదో చూశాను. మోచేతులు రెండూ రెక్కల్లా బయటికి పెట్టి, గుంత వస్తే తల ఒక పక్కకు వంచి బండి నడిపే మనిషి ఈ మూడు జిల్లాల్లో ఒక్కడే. మా చేను అవతల మోరీ దగ్గర, రోడ్డు కల్వర్టు పక్కన, బండి ఆపి, హెల్మెట్ తీసి, తన బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాడు. నేనూ నాది పెట్టుకున్నాను. అద్దాలలోంచి అద్దాలలోకి చూసుకున్నాం. ఆయన పళ్ళన్నీ కనిపిస్తున్నాయి.

"పిట్టను చూడు" అన్నాడు ఫోనులో.

"నువ్వు చూడు ముందు."

కింద నుంచి అవ్వ గొంతు. "రోడ్డు మీద ఆ మనిషి ఎవరే?"

"ఎవరో... గొర్లు కొననీకి వచ్చిండేమో."

"గొర్లు కొనేటోడు నిన్ను సూసి గట్ల పండ్లికిలిస్తడా?" అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని పరకాయించి చూసింది. "ఓ మల్లన్నా! అల్లుడు! ఆషాఢంల! ఒసే, రావద్దని చెప్పు!"

"రాలేదవ్వా. రోడ్డు మీదనే ఉన్నడు."

"నీడ గూడ మన గడప మీద పడొద్దు!"

"గంత దూరంకెళ్ళి నీడ ఎట్ల పడ్తది అవ్వా?"

ఐలేశ్ ఫోనులో నా చెవిలో నవ్వుతున్నాడు. తర్వాత గొంతు మార్చాడు. "సుమా, జర విను. ఈ మోరీ కాడ నుంచి గూడు మంచిగ కనబడ్తున్నది. ఆడది గూటి మీద, మగది కరెంటు తీగ మీద. ఈ రెండింటినీ నేను ఇడిచిపెట్ట. పెరడు నువ్వు చూడు. కోడి అరిసినప్పుడు ఈ రెండూ నా కండ్ల ముందటనే ఉంటే..."

"దొంగ మూడోడు!" నేను స్లాబు మీద ఎగిరాను. ఆరేసిన మిరపకాయలు కొన్ని కిందపడ్డాయి.

అనుకోవడం తేలిక. దొంగ రావాలి కదా. కోడి పిల్లలతో పెరట్లో పెంటకుప్ప గీరుతోంది. వేపచెట్టు కింద ఎండా నీడా కలిసిపోయి నేల పులిచర్మంలా ఉంది. ఏమీ రాలేదు. పిచ్చుక కదిలినా అటే తిరిగాను. బైనాక్యులర్ పట్టుకుని పట్టుకుని మెడ నరాలు లాగేశాయి. రెండు నిమిషాలకోసారి "ఉన్నయా?" అని నేను, "ఉన్నయి" అని ఆయన.

జానీమియా వచ్చాడు. ట్రాలీ ఆటో ఇంటి ముందు ఆపి, మిషను దింపి, అరుగు మీద కూర్చున్నాడు. నేను ఒక్క దూకులో కిందికి వచ్చి చాయ్ పెట్టాను. అది తాగాక ఇంకో చాయ్. అదయ్యాక సర్వపిండి. మూడో చాయ్ పట్టుకొస్తుంటే ఆయన చేతులు జోడించాడు.

"కట్టయ్యన్నా, నీ బిడ్డ నన్ను చెట్టు కొట్టనిస్తదా, చాయ్‌ల ముంచి సంపుతదా? మొగులైతున్నది. వానొస్తే ట్రాలీ చేన్ల దిగబడ్తది."

బాపు నా వైపు చూశాడు. నేను ఏడుపు ఆపుకుంటున్నానని ఆయనకు తెలిసింది. చూపు తిప్పుకున్నాడు. "లే జానీభాయ్. పోదాం."

ఇద్దరూ పెరటి దారిన చేను వైపు కదిలారు. జానీమియా భుజం మీద మిషను. నేను ఫోను చెవికి ఆనించుకుని వెనకాలే నడిచాను. "ఐలేశ్, బయలుదేరిన్రు" అన్నాను. పెరటి తడిక దగ్గర జానీమియా మిషను కింద పెట్టి, పెట్రోల్ మూత బిగించి, సరిగా ఉందో లేదో చూడ్డానికి తాడు లాగాడు. అది ఒక్కసారి గర్జించి ఆగింది. తుమ్మచెట్టు జంట ఉలిక్కిపడి గాలిలోకి లేచింది.

ఆ ఆగిన శబ్దం వెనకే కోడి అరిచింది.

"గద్ద! గద్ద!" అవ్వ పళ్ళెం మోగించింది. బాపు చెయ్యెత్తి ఆకాశంలోకి చూపించాడు. "అగో! సూడు! అదే!" నిజంగానే చేను మీద, రెక్కలాడిస్తూ, తెల్లగా అది నిలబడి ఉంది. సిగ్గుచేటు, నేనూ తలెత్తాను. ఇన్నాళ్ళు నేర్చుకున్నదంతా మెడ మరిచిపోయింది.

"సుమా!" ఫోనులో ఐలేశ్ అరుపు. "రెండూ నా కండ్ల ముందటనే ఉన్నయి! రెండూ! పైకి చూడకు, కిందికి చూడు!"

కిందికి చూశాను. వేపచెట్టు గుబురులోంచి జారి, గడ్డివాము అంచునే, మోకాలెత్తులో ఒక బూడిదరంగు గీత దూసుకొచ్చింది. రెండు మూడుసార్లు రెక్కలు టపటపలాడించడం, తర్వాత జారడం. చప్పుడు లేదు. మేమందరం ఆకాశాన్ని తిడుతూ నిలబడి ఉంటే అది మా కాళ్ళ దగ్గరికే వచ్చి కోడిపిల్ల మీద కూర్చుంది.

"అవ్వా, గంప!"

అవ్వ ఆలోచించలేదు. పక్కనున్న కోళ్ళగంప ఎత్తి విసిరేసింది. గంప దానికి తగల్లేదు. తల్లికోడి మాత్రం తగిలింది, ముక్కుతో, గోళ్ళతో. దొంగ పిల్లను వదిలేసి ఎగిరి పెరటి గోడ మీద వాలింది. వెంటనే పారిపోలేదు. మా అందరినీ మార్చి మార్చి చూసింది. దాని కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

"బాపూ! ఎనుకకు తిరుగు!"

బాపు తిరిగాడు. ఆయన చెయ్యి ఇంకా ఆకాశంలోకే చూపిస్తోంది.

"గిది దిగి వచ్చిందేమో" అన్నాడు, గొంతులో పట్టు లేకుండా.

నేను ఫోను స్పీకర్లో పెట్టాను. "మామా, రెండూ ఇక్కడనే ఉన్నయి" అన్నాడు ఐలేశ్. "ఒకటి గాలిల, ఒకటి చెట్టు చుట్టూ."

"జతలు రెండు ఉండొద్దా?" బాపు వదల్లేదు.

"తోక చూడు బాపూ. భుజం చూడు." బైనాక్యులర్ ఆయన చేతిలో పెట్టాను. మొదట తిరగేసి పెట్టుకుని, "ఎక్కడ్నో జనగామల ఉన్నట్టున్నది" అన్నాడు. జానీమియా నవ్వాడు. నేను సరిచేసి పెట్టాను. ఆయన పెదాలు కదిలాయి. "తోక మీద అడ్డం చారలున్నయి. రొమ్ము మీద గూడ ఎర్రటి గీతలు, లుంగీ లెక్క. భుజం మీద నలుపు లేదు."

దొంగ రెక్క విప్పి, గోడ దిగి, చెట్ల మధ్య నుంచి తక్కువ ఎత్తులో జారిపోయింది. అప్పుడు బాపు చేను వైపు తిరిగాడు. గాలిలో నిలబడ్డ పిట్టను చాలాసేపు చూశాడు.

"తోక తెల్లగున్నది" అన్నాడు. "చారల్లేవు. భుజం మీద నలుపున్నది."

"డేగ మామా అది, ఇందాక పోయింది" అన్నాడు ఐలేశ్. "చెట్టుల నక్కి కూసుంటది. పైన నుంచి రాదు. కంట్ల పడకుండ నేలను ఆనుకొనే వస్తది."

అవ్వ కోడిపిల్లను కొంగులో పట్టుకుని చూసింది. ఒక రెక్క దగ్గర ఈకలు ఊడాయి, కాలు కుంటుతోంది, కానీ గింజ పెడితే పొడిచింది. బాపు చూపు మెల్లగా వేపచెట్టు మీదికి పోయింది. అవ్వ అది పసిగట్టింది.

"ఏందా సూపు? వేపచెట్టు మీద చెయ్యేస్తే నేను దంతాలపల్లికి పోయి మా వియ్యపురాలి ఇంట్ల ఉంట, చెప్తున్న."

"నేనేమన్న అన్ననా? పాత చీరలు ఉన్నయా? పెరటి మీద కడ్త."

జానీమియా మిషను మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "అన్నా, ఇగ నాకేం చెప్తవు? కొట్టాల్నా, వద్దా?"

బాపు ఇంకా బైనాక్యులర్ దించలేదు. తుమ్మచెట్టు మీద మగది వాలింది, కాళ్ళలో ఎలుక. గూట్లోంచి రెండు నోళ్ళు లేచాయి. "పిల్లలు లేచినంక రా జానీభాయ్."

"ఎవల పిల్లలు? కోడివా, పిట్టవా?"

"రెండిటివి" అన్నాడు బాపు.

జానీమియా మిషను ట్రాలీలో వేసుకుని, నా వైపు చూసి, "బేటీ, నీ పెండ్లికి తాగనన్ని చాయ్‌లు ఇయ్యాల తాగిన" అని వెళ్ళిపోయాడు. నేను తల్లికోడి చుట్టూ ఒక గిరకీ తిరిగాను. కోడి నా మీదికి కూడా వచ్చింది.

అవ్వకు ఇప్పుడు కొత్త పరేషాన్. అల్లుణ్ణి ఇంట్లోకి పిలవకూడదు. తిండి పెట్టకుండా పంపకూడదు. గబగబా అన్నం, గుడ్డు పులుసు టిఫిన్‌లో సర్ది బాపు చేతికిచ్చింది. "నువ్వు పో" అంది నాతో, తర్వాత వెంటనే, "వద్దు, నువ్వొద్దు. ఊరోళ్ళు సూస్తరు. మీ బాపునే పోనీ" అంది. నేను చేను సగం దాకా ఉరికి, వెనక్కి వచ్చి, స్లాబు ఎక్కాను.

బాపు టిఫిన్ ఊపుకుంటూ గట్టు మీద నడిచి మోరీ చేరాడు. ఇద్దరూ మోరీ గోడ మీద కూర్చున్నారు. ఐలేశ్ తింటున్నాడనుకుంటాను. అనుకుంటాను అంటున్నానెందుకంటే, బాపు నా బైనాక్యులర్ మెడలో వేసుకునే పోయాడు. నాకు ఇక్కడి నుంచి రెండు చుక్కలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఫోన్ చేస్తే "ఆగు సుమా, మామకు తోక చూపిస్తున్న" అని పెట్టేశాడు.

మొగులు కిందికి దిగింది. తొలి చినుకులు స్లాబు మీది మిరపకాయల మీద పడ్డాయి. వాటిని ఎత్తాలి. ఎత్తలేదు. దూరంగా ఒక చుక్క చెయ్యి పైకెత్తింది. మోచెయ్యి బయటికి పెట్టిన తీరు చూస్తే అది ఐలేశే. ఆ చెయ్యి నాకోసం లేచింది కాదు, బాపుకు గాలిలో నిలబడ్డ పిట్టను చూపించడానికి లేచింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అయినా నేనూ చెయ్యి ఊపాను.